ముక్కు పట్టుకుని గోదారికి

ఆకివీడు దాటుతుండగా నన్ను వాసన తట్టి లేపింది. కిటికీ అవతల ఇంకా వెలుగు రాలేదు. మంచులో చేపల చెరువుల గట్లు నల్లటి గీతల్లా వెనక్కి పోతున్నాయి. నిలవ నీరు, నాచు, బురద, బస్తాల్లో తడిసి పులిసిన తవుడు, వీటన్నిటి అడుగునా సన్నగా చేపల నీచు. ఎదుటి బెర్తులో మా వారు శాలువా ముక్కు మీదికి లాక్కుని, "ఆ కిటికీ దించెయ్, కంపు" అన్నారు. నేను దించలేదు. సీటు చివరికంటా జరిగి, ఊచలకి ముఖం ఆనించి, ఆ కంపుని కడుపు నిండా పీల్చుకున్నాను.

నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ టికెట్లు దొరుకుతున్నా స్లీపరే కావాలని పట్టుబట్టింది నేనే. అరవైకి దగ్గరపడ్డ ఇద్దరం, డిసెంబరు చలి, పైగా మా వారికి నడుం నొప్పి. కారణం చెబితే నవ్వుతారు: ఏసీ పెట్టెలో కిటికీ తెరుచుకోదు. జనం ఊళ్లు చూడ్డానికి వెళ్తారు, నేను వాసన చూడ్డానికి బయల్దేరాను.

సంగతేమిటంటే, 2021 మే నెలలో మా ఇద్దరికీ కోవిడ్ వచ్చింది. ప్రాణం మీదికి రాలేదు. ఆ నెలలో చుట్టుపక్కల ఇళ్లలో ఏం జరిగిందో చూసినవాళ్లకి అదెంత అదృష్టమో తెలుసు. అందుకే నాకు పోయినదాని గురించి ఎవరి దగ్గరా చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఐదో రోజు పొద్దున్న పోపులో ఇంగువ వేస్తే ఘుమాయించలేదు. సరుకు పాతబడిందేమో అనుకున్నాను. డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. మూత తీస్తే వీధిలోవాళ్లకి తెలిసే ఇంగువ డబ్బా, ఖాళీ గ్లాసులా ఉంది.

రుచి పోయిందంటాం గానీ పోయేది చాలావరకు వాసనే. నాలుకకి తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఆపైన ఉమామి అనే ఇంకో చవి. అంతే. కారమైతే అసలు రుచే కాదు, మంట. దాన్ని మోసుకెళ్లే నరం వేరు. మిగతాదంతా నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. అది తెగిపోయాక గోంగూర వట్టి పులుపు, ఆవకాయ వట్టి ఉప్పూ మంటా, పప్పుచారు చింతపండు పిసికిన వేన్నీళ్లు. వెన్న కాచిన నెయ్యికీ కొట్లో నూనెకీ తేడా లేకుండా పోయింది. అన్నం తినడం ఒక పని అయింది.

అసలు దెబ్బ వంటింట్లో తగిలింది. మన వంటకి కొలతలూ గడియారాలూ ఎప్పుడున్నాయి? 'పచ్చివాసన పోయేదాకా వేయించు.' 'కమ్మటి వాసన రాగానే దించెయ్.' 'కమురు వాసన తగిలిందంటే ఆ నూనె పారబొయ్యాల్సిందే.' మా అమ్మ నాకు నేర్పిన వంటంతా నా ముక్కుకే నేర్పిందని అప్పటిదాకా నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లుగా వండుతున్నదాన్ని, సెనగపిండి వేగిందో లేదో తేల్చుకోలేక బాండీ పక్కన నిలబడి రంగు చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం గాలికి పొయ్యి ఆరిపోయి గ్యాస్ వస్తూనే ఉంది. నేను అక్కడే పీట మీద కూర్చుని తాపీగా చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటున్నాను. ఎదురింటావిడ వచ్చి తలుపు బాదితేగాని తెలియలేదు. వంటగ్యాస్‌కి తనంతట తనకి వాసన ఉండదు. లీకైతే మనిషికి తెలియాలని అందులో ఆ కుళ్లు వాసన కావాలనే కలుపుతారు. ప్రతి ఇంట్లోకీ ఒక కంపుని కాపలా పంపించారన్నమాట. నా ఇంట్లో ఆ కాపలావాడు అరుస్తున్నా నాకు వినపడలేదు.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. ఈ వైరస్ ప్రధానంగా దెబ్బతీసింది వాసన పట్టే నరాలని కాదట, వాటికి ఊతంగా ఉండే పక్క కణాలని. పందిరి కూలితే పాదు నేలపడ్డట్టు. వాసన నరాలకి మళ్లీ మొలిచే గుణం ఉంది, కాకపోతే సాధన కావాలి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో తామస్ హుమ్మెల్ అనే వైద్యుడి బృందం 2009లో ఒక పద్ధతి ప్రకటించింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, నాలుగు సీసాలు. రోజుకి రెండు పూటలా, పన్నెండు వారాలపాటు, ఒక్కొక్కటీ కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. మూఢనమ్మకంలా అనిపించింది గానీ చేశాను. తను మానేసిన సంధ్యావందనం నేను మొదలుపెట్టానని మా వారు వేళాకోళం చేసేవారు. పన్నెండు వారాలు అయిపోయినా నేను ఆపలేదు.

మొదట నిమ్మ వచ్చింది. ఆ తర్వాత వచ్చినవి తలకిందులుగా వచ్చాయి. కాఫీ అంటే కాలిన రబ్బరు. వేగుతున్న ఉల్లిపాయంటే మురిక్కాలవ. వాసన లేనప్పుడైనా కళ్లు మూసుకుని తిన్నాను గానీ, ఈ నెలల్లో ముద్ద దిగేది కాదు. ఒక్కొక్క వస్తువూ తన పేరు తాను సరిగ్గా చెప్పుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఏవి వచ్చాయో ఏవి రాలేదో హైదరాబాదు ఫ్లాట్‌లో కూర్చుంటే ఎలా తెలుస్తుంది? మా ఆడపడుచు పాలకొల్లు నుంచి ఫోన్ చేసి, "ధాన్యం ఇంటికొచ్చింది, నువ్వూ రా వదినా" అంటే మర్నాడే టికెట్లు తీయించాను.

పాలకొల్లులో దిగి ఇంటికి చేరేసరికి డికాషన్ దిగుతోంది. కాఫీ సంగతి మా ఆడపడుచుకి తెలుసు. గ్లాసు చేతికిస్తూ, "పోనీ పాలు తాగుతావా?" అంది. కాఫీయే ఇమ్మన్నాను. ఇంటిల్లిపాదీ పరీక్ష ఫలితం కోసం చూస్తున్నట్టు నా ముఖంలోకి చూస్తున్నారు. గ్లాసు అంచు దగ్గర ఊదాను. ఆవిరి ముఖానికి తగిలింది. కాఫీ. అచ్చంగా కాఫీ, కొంచెం చికోరీ ఎక్కువైన కాఫీ. "చికోరీ ఎక్కువేశావమ్మా" అన్నాను. అప్పుడు వాళ్లు మెచ్చుకున్నంతగా నన్ను ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆమె వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుని వచ్చింది. అత్తవారింట్లో వంక పెట్టి ఇంత మంచిపేరు తెచ్చుకున్నది నేనొక్కదాన్నేనేమో.

పాలకొల్లు వెళ్లినవాళ్లు క్షీరారామం చూడకుండా రారు. పంచారామాల్లో ఒకటి, తొమ్మిదంతస్తుల గోపురం, నూట ఇరవై అడుగులు. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకే వదిలేస్తాను. నేను తలెత్తకుండా లోపలికి పోయి గర్భగుడి ముందు నిలబడ్డాను. నూనె ఇంకిన రాయి, తడి, వాడిపోయిన మారేడు దళాలు, ఇప్పుడే ఆరిన హారతి. ఎక్కడో మూల గబ్బిలాలు. గబ్బిలాల వాసన లేని పాత గుడి నాకు గుడిలా ఉండదు. ఈ మాట పూజారిగారితో అంటే బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు నర్సాపురం వెళ్లి వశిష్ఠ గోదారి దాటాం. దారి పొడుగునా రోడ్డు సగం ఆక్రమించి ధాన్యం ఆరబోశారు. ఆటోవాళ్లు తిట్టుకుంటూనే జాగ్రత్తగా పక్కనుంచి పోతున్నారు. ఎండ తగిలిన కొత్త ధాన్యానిది ఒక వెచ్చటి వాసన, పసిపిల్లల మాడు దగ్గరుండేలాంటిది. ఇక్కడికి దగ్గరే మార్టేరు. స్వర్ణ బియ్యం పుట్టిన పరిశోధన కేంద్రం అక్కడుంది. 1982లో విడుదలైన ఆ రకం, దేశంలో ఎన్ని రాష్ట్రాల కంచాల్లోకి వెళ్లిందో లెక్కలేదు. సువాసన బియ్యమేం కాదు. అన్నం ఉడికేటప్పుడు 'అన్నం ఉడుకుతోంది' అని మాత్రం చెప్పే వాసన. బాస్మతికి బిరుదులిచ్చినవాళ్లు దీనికి ఏమీ ఇవ్వలేదు. పందొమ్మిది నెలలు నేను బెంగపెట్టుకున్నది బాస్మతి కోసం కాదు.

రేవులో పంటు కోసం గంట సేపు కూర్చున్నాం. పంటు తెలియనివాళ్లకి: పడవల మీద బల్లలు పరిచి, మర బిగించి, మనుషుల్నీ బళ్లనీ ఆవలి ఒడ్డుకి చేరవేసే కదిలే నేల. అటు సఖినేటిపల్లి, కోనసీమ. దిగువకి పోయేకొద్దీ గోదారికి తొందర తగ్గుతుంది. ఒడ్డున బురద బయటపడింది. ఆ బురద వాసనలో సగం నది, సగం సముద్రం, పాటుపోట్లతో పాటు అదీ మారుతుంది. పంటు దగ్గరికి రాగానే డీజిలు పొగ వచ్చి అన్నిటినీ కప్పేసింది. అదీ బాగుంది. పక్కన బండి మీద పాలక్యాన్లు కట్టుకున్న కుర్రాడు నేను ఊపిరి పీలుస్తున్న తీరు చూసి, "ఆయాసమాండి?" అన్నాడు. కాదు బాబూ, గాలి బాగుంది, పంటు బాగుంది, హాయిగా ఉందన్నాను.

"మీకు సరదాగానే ఉంటాదండి" అన్నాడు, మర్యాదగానే. "రాత్రేళ ఇంట్లో పురిటినొప్పులొత్తే తెలుత్తాదండి దీని సంగతి."

ఇక్కడ వంతెన కావాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు. నేను గంట కూర్చుని ఆనందించిన రేవులో అతను రోజూ రెండుసార్లు కూర్చుంటాడు. నాకు జవాబు దొరకలేదు. దొరికినా అతను వినేవాడు కాదు. పంటు ఆనింది, అందరికంటే ముందు బండి దింపుకుని పోయాడు. వంతెన వస్తే పంటు పోతుందని బాధపడే రచయితల్లో నేను లేను అని మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం అయ్యాక అందరూ అన్నాచెల్లెళ్ల గట్టు చూద్దామన్నారు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. రెండు నీళ్ల రంగులు తేడాగా కనిపిస్తాయి, జనం ఫోటోలు తీసుకుంటారు. నన్ను మాత్రం గాలి ఇంకో పక్కకి లాగింది. పల్లిపాలెం వైపు వెళ్తుంటే ఇసుక మీద వలలు, వలల పక్కన చేపలు ఆరబోసి ఉన్నాయి. నెత్తళ్లు వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. రొయ్యపొట్టు గులాబీ రంగు పొడిలా పరిచి ఉంది. ఒకామె కొబ్బరి ఈనెల చీపురుతో కాకుల్ని అదిలిస్తోంది.

మాది కోడిగుడ్డు కూడా గడప తొక్కని ఇల్లు. చిన్నప్పుడు బస్సులో ఎవరైనా చేపల బుట్టతో ఎక్కితే మా నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది, ఆమెని చూసి నేనూ. 'నీచు వాసన' అనేవాళ్లం. ఆ మాటలో చేప ఎంతుందో బుట్ట పట్టుకున్న మనిషి కూడా అంతే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది నాకు. వాసనలకి మనం పెట్టుకున్న పేర్లలో సగం ముక్కు పెట్టినవి కావు. ఇప్పుడు ఆ ఎండుచేపల పక్కన నిలబడ్డాను. ఉప్పు, ఎండ, సముద్రం, వీటి మధ్యలోంచి సూదిలా పైకి లేచే ఆ ఘాటు. బాగుందని అబద్ధం చెప్పను. కానీ అది ఎంత పూర్తిగా ఉందో! ఎక్కడా అరిగిపోకుండా, పొరపడకుండా, తాను ఏమిటో గట్టిగా చెప్పుకుంటూ. నాలుగు సీసాల ముందు కూర్చుని నేను వెతుక్కున్నది ఇదే.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎంత కావాలమ్మగారూ?" అంది.

"నేను తిననమ్మా. ఊరికే వాసన చూస్తున్నాను."

చీపురు పట్టుకుని ఆమె నవ్విన నవ్వుకి వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు. "ఓసే, ఈ అమ్మగారు వాసన చూడ్డానికొచ్చిందంట! వాసనకి డబ్బుల్లేవండి, ఎంత కావాలంటే అంత పట్టికెళ్లండి" అంది. పట్టుకెళ్లాను. ఆ సాయంత్రం మా వారు నా చీర మీంచి ఆ వాసన వస్తోందని పంటు మీద రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

మూడో రోజు తిరుగు ప్రయాణం రాజమండ్రి మీదుగా. మార్టేరు, సిద్ధాంతం వంతెన, రావులపాలెం అరటి గెలల మార్కెట్టు, అక్కణ్నుంచి ఆత్రేయపురం. పూతరేకులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి గానీ, రేకు తీస్తుంటే చూడాలంటే ఇక్కడికే రావాలి. ఒక ఇంటి వసారాలో పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. అడుగు పైకి, కింద ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యం పాలలా పలచగా కలిపి పక్కన పెట్టుకున్నారు. ఆమె పలచటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులా చాచి, కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగింది. చుయ్‌మని చిన్న చప్పుడు. గుడ్డ వెళ్లిన దారిలో తెల్లటి పొర. నేను కళ్లార్పి చూసేలోగా అంచు లేచింది, గోటితో అందుకుని తీసేసింది. వెలుతురుకి పట్టుకుంటే అవతలి గోడ కనిపిస్తోంది. మళ్లీ గుడ్డ, మళ్లీ చప్పుడు. ఆగడం లేదు. మంట కుండని తన లెక్కలో ఉంచాలి. ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. ఒక చేతి పని అవుతుండగానే ఇంకో చెయ్యి ఆకులు ఎగదోస్తోంది.

ఆ రేకు కుండని వదిలే క్షణంలో ఒక వాసన వస్తుంది. కాలిన మట్టి, బియ్యం, కొంచెం పొగ. చిన్నప్పుడు అమ్మ గంజి వార్చేటప్పుడు పొయ్యి మీద పొంగి రాలి మాడిన చుక్కలది అచ్చంగా ఇదే. అమ్మ పోయి పదకొండేళ్లయింది. ఆ వాసన ఇంకా నాలో ఉందని నాకు తెలియదు. నేను పీట లాక్కుని చాలాసేపు కూర్చుండిపోయాను. మా వారు నెయ్యి బెల్లం చుట్టలు కొనడానికి పక్కింటికి వెళ్లారు. తెచ్చిన పెట్టెలు ఎంత బాగున్నాయో చెప్పను, మీకు తెలుసు. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని తర్వాత పేపర్లో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది తీపి కాదు, ఆ క్షణంపాటు వచ్చిపోయే వాసన. అది పెట్టెలో రాదు.

"ఈ వాసన ఎంత బాగుందమ్మా" అన్నాను ఆమెతో.

ఆమె గుడ్డ ముంచుతూనే, "ఏం వాసనండి?" అంది. నిజంగానే అడిగింది. "పొద్దస్తమానం ఇక్కడే కదండీ. పొగకి కళ్లు మండటం తెలుత్తాది గానీ, వాసనేం తెలీదండి." ఒక్క క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చి చూసింది. కుండ మీద రేకు అంచు నల్లబడింది. నాలిక్కరుచుకుని దాన్ని గీకి పడేసింది. నావల్ల ఒక రేకు పోయింది.

బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం చేరేసరికి పొద్దు వాలింది. ఇక్కడ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన కాటన్ దొర ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. కారు ఆపించి దిగాను. గోదారి గౌతమిగా, వశిష్ఠగా చీలే చోటు. రోడ్డు మీద ఆరిన ధాన్యం, అరటి గెలలు, కొబ్బరి పొగ, ఈ మూడు రోజులు నేను పీల్చిందాన్లో చాలామట్టుకు ఇక్కణ్నుంచి కాలవల్లోకి మళ్లిన నీళ్ల పుణ్యమే. బ్యారేజీ తలుపుల కింద నీళ్లు విరిగిపడే చోట తుంపర్లు ఎగురుతున్నాయి. చల్లటి వాసన. చల్లదనానికి వాసన ఉంటుందా అని మా వారు అడిగారు. ఉంటుందని వాదించాను.

రాజమండ్రిలో రైలు రాత్రి పదికి ఎక్కాం. మళ్లీ స్లీపరే. దీపాలు ఆర్పేశారు. కిందిబెర్తులు మావే, సైడు బెర్తులో ఎవరో పెద్దావిడ. పెట్టె కదిలాక చీకట్లోంచి చెయ్యి చాచి, "ఇవి పెట్టుకోమ్మా, పొద్దుటికి వాడిపోతాయి" అని ఒక అరటాకు పొట్లం నా చేతిలో పెట్టింది. విప్పాను. వేళ్లకి పూల చెండు తగిలింది. తడిగా, మెత్తగా, ఒత్తుగా కట్టిన మూర. ముఖం దగ్గరికి తెచ్చుకుని పీల్చాను. అరటాకు పచ్చి వాసన తెలిసింది. దారం తడి తెలిసింది. పూలది మాత్రం ఏమీ లేదు. ఇంకోసారి, గట్టిగా. ఏమీ లేదు.

గుండె జారిపోయింది. మల్లెలా? డిసెంబరులో మల్లెలెక్కడివి. జాజులా? చామంతులైతే వేళ్లకి తెలిసేవి. ఏ పూల వాసన నాకు తిరిగి రాలేదో తెలియడం లేదు. మా వారిని లేపి అడుగుదామా అనుకున్నాను. ఆయన అప్పటికే గురక. చెండు ముక్కుకి ఆనించుకుని చీకట్లో చాలాసేపు అలాగే కూర్చున్నాను. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"ఏం పూలండీ ఇవి?"

"కనకాంబరాలమ్మా" అంది పెద్దావిడ, అటు తిరిగి పడుకుంటూ. "వాసనుండదు గానీ, రంగు బావుంటాది."